అపోలో విక్టోరియా నుంచి ఆల్బర్ట్ స్క్వేర్ దాకా

మొన్న ఉగాది సంబరాల్లో పులిహోర క్యూలో నిలబడి ఉండగా ఒక మిత్రుడు భుజం తట్టి నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. ఇరవై ఏళ్ళ కింద ఇద్దరం లండన్ లో ఒకే క్లయింటు దగ్గర ఒకే ప్రాజెక్టు మీద పనిచేశాం. "గురూ, నీకు ఈ నాటకాల పిచ్చి ఉంది కదా, ఒక మాట చెప్పు. మా అమ్మాయికి మ్యూజికల్ థియేటర్ డిగ్రీలో సీటొచ్చింది. మెడిసిన్ కాదు, కంప్యూటర్స్ కాదు. పాట, డాన్సు, యాక్టింగు. మూడేళ్ళు చదివి బయటికొచ్చాక అది ఏం తిని బతుకుతుంది?" అన్నాడు.

పేపర్ ప్లేటు చేతిలో పెట్టుకుని జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదది. పైగా ఆ అమ్మాయి నాలుగడుగుల దూరంలోనే ఉంది, వింటోంది. "ఇంటికెళ్ళి రాస్తాను" అని తప్పించుకున్నాను. ఇదే ఆ రాత. ఆయన ఒక్కడికే రాద్దామనుకున్నాను గానీ, మనలో ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు ఇంకా చాలామంది ఉంటారని తోచి ఇక్కడ పెడుతున్నాను.

గాలి మాటలు చెప్పే బదులు ఒక నటి కెరీర్ ని దగ్గరగా చూద్దాం. ఆవిడ పేరు ప్రియా కాళిదాస్. (మన కవికులగురువుతో చుట్టరికం ఉందో లేదో నేను కనుక్కోలేదు.) 1980లో పుట్టిన లండన్ పిల్ల. మీలో చాలామంది ఆవిణ్ణి చూసే ఉంటారు, పేరు గుర్తుండకపోవచ్చు. 2002లో వచ్చిన "బెండ్ ఇట్ లైక్ బెకమ్" సినిమాలో మోనికా అనే చిన్న పాత్ర వేసింది. అదే సంవత్సరం జూన్ 19న, విక్టోరియా స్టేషన్ కి ఎదురుగా ఉన్న అపోలో విక్టోరియా థియేటర్లో "బాంబే డ్రీమ్స్" మొదలైంది. అందులో హీరోయిన్ ఈవిడే. పాత్ర పేరు కూడా ప్రియే.

బాంబే డ్రీమ్స్ గురించి కొత్తగా వచ్చిన వాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. నిర్మాత ఆండ్రూ లాయిడ్ వెబర్, సంగీతం మన ఏ.ఆర్. రహమాన్, కథా సంభాషణలు మీరా స్యాల్, పాటలు డాన్ బ్లాక్, డాన్సుల్లో ఫరా ఖాన్ చెయ్యి. బొంబాయి మురికివాడ కుర్రాడు సినిమా స్టార్ అవడం, సినిమా డైరెక్టర్ గారి అమ్మాయిని ప్రేమించడం, ఇదీ కథ. మనకి కొత్తేం కాదు. కొత్త ఏమిటంటే, వెస్ట్ ఎండ్ లో రెండు వేలకి పైగా సీట్లున్న హాలులో, స్టేజి నిండా మన రంగు మనుషులు ఉండడం.

నేను దాన్ని 2003 చలికాలంలో చూశాను. అన్నిటికన్నా చౌక టికెట్టు, పైకప్పు కింద సీటు. స్టేజి మీద నీళ్ళు చిమ్ముతుంటే "షకలక బేబీ" మొదలైంది. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచి "ఇది ఒకే ఒక్కడు పాట కదూ!" అంది. అవును, శంకర్ సినిమాలో పాటే. మణిరత్నం "దిల్ సే" (తెలుగులో "ప్రేమతో") లోంచి "ఛయ్య ఛయ్య" కూడా ఉంది. చుట్టూ ఉన్న ఇంగ్లీషు వాళ్ళకి అవి కొత్త పాటలు, మాకు పాతవి. ఆ దేశంలో నాకు తెలిసి వాళ్ళకి తెలియని విషయం ఒకటుందని అనిపించిన మొదటి సాయంత్రం అది. వర్క్ పర్మిట్ మీద వచ్చి రెండేళ్ళయిన వాడికి ఆ మాత్రం అనిపించడం చిన్న సంగతి కాదు.

సరే, నా గొడవ పక్కన పెడదాం. ఆ షో లండన్ లో 2004 జూన్ 13న మూతపడింది. దాదాపు రెండేళ్ళు ఆడింది. అంతకు కొన్ని వారాల ముందే, ఏప్రిల్ 29న, చాలావరకు వేరే నటీనటులతో న్యూయార్క్ బ్రాడ్వే మీద మొదలైంది గానీ అక్కడ 2005 జనవరి 1తో సరి. 284 ప్రదర్శనలు. మరి లండన్ స్టేజి మీది మనుషులంతా ఆ తర్వాత ఎక్కడికి పోయారు? మా మిత్రుడి ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడే ఉందని నా ఉద్దేశం.

హీరో వేసిన రజా జాఫ్రీ 2004లోనే బీబీసీ గూఢచారి సీరియల్ "స్పూక్స్" లో చేరాడు. తర్వాత అమెరికా వెళ్ళి "స్మాష్", "హోమ్ ల్యాండ్" లలో కనిపించాడు. హీరోయిన్ తండ్రి వేసిన దలీప్ తాహిల్ బొంబాయి నుంచి వచ్చినాయన, మన హిందీ సినిమాల విలన్. ఆయన 2003లో "ఈస్ట్ ఎండర్స్" సీరియల్లో డాన్ ఫెరీరాగా చేరాడు. స్టార్ హీరోయిన్ రాణి పాత్ర వేసిన ఆయేషా ధార్కర్ 2008లో "కరనేషన్ స్ట్రీట్" లో తారా మండల్ అయింది. బాంబే డ్రీమ్స్ లోనే ఆడి పాడిన సోఫియా హక్ కూడా 2008లో అదే సీరియల్లో చేరింది. ఇక ప్రియా కాళిదాస్ 2009లో ఈస్ట్ ఎండర్స్ లో అమీరాగా వచ్చింది. అంటే స్టేజి మీద తండ్రీ కూతుళ్ళుగా వేసిన ఇద్దరూ ఆరేళ్ళ తేడాతో ఒకే సీరియల్ వీధిలోకి అద్దెకి వచ్చారన్నమాట. ఒక్క షోలోంచి ముగ్గురు నటీమణులు, రెండు సీరియళ్ళు. ఇది కాకతాళీయం అని నేననుకోను.

అమెరికాలో ఉన్న పాఠకుల కోసం: ఈ సీరియళ్ళని ఇక్కడ "సోప్" అంటారు. 1930లలో అమెరికన్ రేడియోలో సబ్బుల కంపెనీలు స్పాన్సర్ చేసిన నాటకాల నుంచి వచ్చిన పేరు. బ్రిటన్ లో అవి మధ్యాహ్నం ఆడవాళ్ళ కాలక్షేపం కాదు. సాయంత్రం భోజనాల వేళ దేశమంతా చూసేవి. కరనేషన్ స్ట్రీట్ 1960 డిసెంబర్ లో మొదలైంది, ఇంకా నడుస్తోంది. ఈస్ట్ ఎండర్స్ 1985 ఫిబ్రవరి 19న మొదలైంది. తూర్పు లండన్ లో ఆల్బర్ట్ స్క్వేర్ అనే ఊహా వీధి, అందులో పబ్బు, లాండ్రీ, సంత. మొదటి రోజు నుంచే ఆ వీధిలో ఒక ఆసియా దంపతుల కొట్టు ఉంది. ఆఫీసులో మనతో ఎవరూ మాట్లాడని రోజుల్లో నేను ఈ సీరియల్ చూసి, మర్నాడు కాఫీ మెషీన్ దగ్గర దాని గురించి రెండు ముక్కలు మాట్లాడి, నలుగురిలో కలిశాను. క్రికెట్ కన్నా బాగా పనిచేసింది.

ఇక డబ్బు లెక్క. నటుల బతుకుని మనకి అర్థమయ్యే భాషలో చెప్తాను. స్టేజి పాత్ర అంటే కాంట్రాక్టు ప్రాజెక్టు. వారానికి 8 షోలు, గొంతు పోయినా కాలు బెణికినా నోటీసు బోర్డు మీద నీ పేరు మారిపోతుంది. షో మూతపడితే ఆ రోజు నుంచి నువ్వు బెంచ్ మీద ఉన్నట్టే, కానీ మన కంపెనీల్లోలా బెంచ్ జీతం ఉండదు. సోప్ లో పాత్ర అంటే దాదాపు పర్మనెంట్ ఉద్యోగం. లండన్ నుంచి ట్రెయిన్ లో వెళ్ళి సాయంత్రానికి ఇంటికి రాగల ఎల్స్ట్రీ స్టూడియో, వారానికి నాలుగు ఎపిసోడ్లు, బ్యాంకు వాడు ఇంటి లోను ఇవ్వడానికి ఆలోచించగల ఆదాయం. అపోలో విక్టోరియా ఎనిమిది షోలూ నిండినా వారానికి ఇరవై వేల మంది చూడరు. 2010 ఫిబ్రవరి 19న ఈస్ట్ ఎండర్స్ పాతికేళ్ళ పండగకి లైవ్ ఎపిసోడ్ వేస్తే కోటీ అరవై లక్షల మందికి పైగా చూశారు. ఒక్క రాత్రికి.

అమీరా పాత్ర సంగతి చెప్పాలి. ఈస్ట్ ఎండర్స్ లోని మసూద్ కుటుంబం పెద్ద కొడుకు సయ్యద్. క్రిస్టియన్ అనే మగవాణ్ణి ప్రేమిస్తాడు. ఇంట్లో చెప్పలేడు. తల్లి మాట కోసం అమీరాని పెళ్ళి చేసుకుంటాడు. 2010 కొత్త సంవత్సరం నాటి ఆ పెళ్ళి ఎపిసోడ్లో ఎర్ర బట్టలూ, నగలూ, మెహెందీ అన్నీ ఉన్నాయి. పెళ్ళికూతురికి తప్ప ప్రేక్షకులందరికీ నిజం తెలుసు. ఒక ముస్లిం కుటుంబంలో ఇలాంటి కథ పెట్టడం మీద అప్పట్లో పెద్ద చర్చే నడిచింది, ఫిర్యాదులూ వెళ్ళాయి. చర్చంతా సయ్యద్ గురించే. నాకు మాత్రం అమీరాయే గుర్తుంది. భర్త ఎందుకు తన వైపు చూడడో అర్థంకాక, లోపం తనలోనే ఉందనుకుని ఇంకా బాగా ముస్తాబయ్యే ఆడపిల్ల. రెండు వేల మందికి వినపడేలా పాడిన మనిషి, కెమెరా ముక్కు మీదకి వచ్చినప్పుడు కళ్ళు మాత్రం కదిపి ఊరుకుంది. పాటే లేదు. స్టేజి చదువు వృథా పోయిందనే వాళ్ళకి ఆ సీన్లు చూపించాలి. (క్రిస్టియన్ వేసిన జాన్ పార్ట్రిడ్జ్ కూడా "క్యాట్స్" లాంటి మ్యూజికల్స్ లోంచి వచ్చినవాడే. అంటే ఆ ముక్కోణంలో రెండు కోణాలు పాటల మనుషులే!)

కానీ ఒక చేదు నిజం కూడా ఉంది. పాత్ర ఎంత బాగున్నా, అమీరా ఆ కథలో మోసపోవడానికే వచ్చింది. సయ్యద్ రహస్యం బయటపడగానే ఆమె పని అయిపోయింది. 2010లోనే వెళ్ళిపోయింది. అదే సంవత్సరం ప్రియా "ఫోర్ లయన్స్" సినిమాలో రిజ్ అహ్మద్ భార్యగా వేసింది, పాప్ పాటల రికార్డింగు మీద దృష్టి పెట్టింది. 2012లో అమీరా చంకలో కూతురితో ఆల్బర్ట్ స్క్వేర్ కి తిరిగొచ్చింది, కొన్నాళ్ళుండి మళ్ళీ వెళ్ళింది. ఆసియా నటికి సోప్ ఇల్లు ఇస్తుంది గానీ, ఆ ఇల్లు సాధారణంగా ఆసియా కుటుంబం ఇల్లే. పెళ్ళి, పరువు, దాచిన రహస్యం, ఈ మూడు గదులే. తోటి నటుడు గూఢచారి అయ్యాడు, అమెరికా వెళ్ళాడు. నటీమణులకి పెళ్ళి పీటలు వచ్చాయి. ఒకే స్టేజి మీద నుంచి దిగిన వాళ్ళ దారులు ఇలా విడిపోవడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ సోఫియా హక్. తొంభైలలో ఇండియాలో కేబుల్ టీవీ చూసిన వాళ్ళకి ఛానెల్ వి లో కనిపించిన సోఫియా గుర్తుందా? ఆవిడే. పోర్ట్స్ మత్ లో పుట్టింది, హాంకాంగ్ వెళ్ళి వీజే అయింది, బొంబాయి సినిమాల్లో కనిపించింది, బాంబే డ్రీమ్స్ కోసం లండన్ తిరిగొచ్చింది. కరనేషన్ స్ట్రీట్ లో ఆవిడ పాత్ర పాపీ మొరాలెస్, పబ్బులో పనిచేసే మనిషి. ఆసియా కుటుంబం కోసం రాసిన పాత్ర కాదని పేరే చెప్తోంది. పెళ్ళీ లేదు, పరువూ లేదు, కాస్త నోటి దురుసు ఉంది. 2009లో ఆ పాత్ర అయిపోయింది. తర్వాత మళ్ళీ స్టేజి: "బ్రిటన్స్ గాట్ భాంగ్రా", "వా! వా! గర్ల్స్". 2012 డిసెంబర్ లో వెస్ట్ ఎండ్ లో "ప్రైవేట్స్ ఆన్ పరేడ్" లో వేస్తూండగా జబ్బు చేసింది. క్యాన్సర్ అని తేలిన కొద్ది రోజులకే, 2013 జనవరి 17న, 41 ఏళ్ళకే పోయింది. ఆవిడ పేరు చెప్పకుండా ఈ వ్యాసం రాయడం నావల్ల కాదు.

దలీప్ తాహిల్ కథ ఇంకో రకం. ఈస్ట్ ఎండర్స్ లో చేరిన కొద్ది నెలలకే వర్క్ పర్మిట్ సమస్య వచ్చి ఆయన దేశం వదిలి వెళ్ళాల్సి వచ్చింది. రచయితలు అప్పటికప్పుడు కథ మార్చుకున్నారు. అప్పుడు మా ఆఫీసు క్యాంటీన్ లో మన కుర్రాళ్ళందరం ఆ వార్త చదివి మొదట నవ్వాం, తర్వాత ఎవరికి వాళ్ళం మన పాస్ పోర్టులో తేదీ చూసుకున్నాం. ఆయన లేని ఫెరీరా కుటుంబం కూడా ఆ సీరియల్లో 2005 దాటి నిలవలేదు.

అసలు విషయానికి వస్తాను. ప్రియా కాళిదాస్ మళ్ళీ వెస్ట్ ఎండ్ లో ఆసియా మ్యూజికల్ లో ప్రధాన పాత్ర వేసింది 2015లో. ఫీనిక్స్ థియేటర్లో గురిందర్ చద్దా తీసిన "బెండ్ ఇట్ లైక్ బెకమ్" మ్యూజికల్. సినిమాలో స్నేహితురాలు మోనికాగా వేసిన పిల్ల స్టేజి మీద హీరోయిన్ అక్క పింకీ అయింది. బాంబే డ్రీమ్స్ మూతపడిన 2004కీ దీనికీ మధ్య పదకొండేళ్ళు. మధ్యలో 2005లో "ది ఫార్ పెవిలియన్స్" వచ్చింది గానీ కొన్ని నెలలకే ఆగిపోయింది. చిన్న కంపెనీలు ఊళ్ళు తిరిగి ఆడాయి, అది వేరు. పెద్ద హాలులో మన వాళ్ళ చుట్టూ తిరిగే పెద్ద షో లేని ఆ పదకొండేళ్ళూ ఈ నటుల్ని నిలబెట్టిన వాటిలో సోప్ ముఖ్యమైనది. కళాఖండం అని కాదు, అద్దె కట్టింది.

మన దగ్గర ఈ దారి వేరుగా ఉండేది. పద్యం పాడగల రంగస్థల నటికి తెలుగునాట సినిమా తలుపు తెరిచింది. తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" లో లీలావతిగా వేసిన సురభి కమలాబాయి నాటకాల కుటుంబం మనిషే. టీవీ సీరియల్ మనకి చాలా ఆలస్యంగా వచ్చింది. బ్రిటన్ లో ఆసియా నటికి అంత పెద్ద సినిమా పరిశ్రమ వెనక లేదు. ఆ ఖాళీలో సోప్ కూర్చుంది.

ఇప్పుడు ఆ సోప్ కే గడ్డు రోజులు వచ్చాయి. బర్మింగ్ హామ్ లో తీసే "డాక్టర్స్", ఎంతోమంది కొత్త నటులకి మొదటి టీవీ పని ఇచ్చిన సీరియల్, 24 ఏళ్ళ తర్వాత 2024 నవంబర్ లో ఆగిపోయింది. "హోలియోక్స్" 2024 సెప్టెంబర్ నుంచి వారానికి అయిదు ఎపిసోడ్ల నుంచి మూడుకి దిగింది. ఐటీవీ వాళ్ళు 2026 జనవరి నుంచి కరనేషన్ స్ట్రీట్, "ఎమర్ డేల్" రెండిటినీ వారానికి అయిదు అరగంటలకి కుదించారు. ఈస్ట్ ఎండర్స్ 2025 ఫిబ్రవరిలో నలభై ఏళ్ళ పండగ చేసుకుంది గానీ పాత కోట్ల లెక్కలు ఇక లేవు. అమెరికాలో ఇది ముందే జరిగింది: రేడియోలో 1937లో మొదలైన "గైడింగ్ లైట్" 2009లో ముగిసింది, "డేస్ ఆఫ్ అవర్ లైవ్స్" 2022లో టీవీ ఛానెల్ వదిలి స్ట్రీమింగ్ కి మారింది. ఎపిసోడ్లు తగ్గితే మొదట పోయేవి పెద్ద పాత్రలు కావు. ఆరు నెలలకో ఏడాదికో వచ్చి పోయే అమీరాలు, పాపీలు.

ఇంకోపక్క స్టేజి మీద కాస్త కదలిక ఉంది. 2024లో బర్మింగ్ హామ్ రెప్ లో "భాంగ్రా నేషన్" వచ్చింది. 2025 మే, జూన్ నెలల్లో మాంచెస్టర్ లో ఆదిత్య చోప్రా "కమ్ ఫాల్ ఇన్ లవ్", అంటే మన డీడీఎల్జే, మ్యూజికల్ గా ఆడింది. రెండిట్లోనూ హీరోయిన్ జెనా పాండ్యా. ఒకే అమ్మాయికి ఏడాది తేడాతో రెండు ఆసియా మ్యూజికల్స్ లో ప్రధాన పాత్ర దొరకడం ప్రియా కాళిదాస్ తరానికి తెలియని సుఖం. అయితే రెండూ కొద్ది వారాలే ఆడాయి. ఎనిమిది షోల చొప్పున రెండేళ్ళు అద్దె కట్టగల బాంబే డ్రీమ్స్ లాంటిది మళ్ళీ రాలేదు. అపోలో విక్టోరియాలో 2006 నుంచి "వికెడ్" ఆడుతోంది. ఆకుపచ్చ మంత్రగత్తెకి అంత పర్మనెంట్ ఉద్యోగం దొరికింది.

అందుకని మా మిత్రుడికి నేను చెప్పేది ఇది. మీ అమ్మాయికి ప్రతిభ ఉందా అన్నది మీరు పెట్టుకోవాల్సిన బెంగ కాదు, సీటిచ్చిన వాళ్ళు అది చూసుకునే ఇచ్చారు. మీ బెంగ రెండు షోల మధ్య ఖాళీ గురించి ఉండాలి. 2004కీ 2009కీ మధ్య, 2012కీ 2015కీ మధ్య నటి ఏం చేసిందో ఏ పోస్టర్ మీదా రాయరు. మీ అమ్మాయి తరానికి ఆ ఖాళీలో సోప్ అనే కొట్టు సగం షట్టర్ దించి ఉంటుంది. ఫీజు ఇక్కడి పిల్లలకి 2025-26లో ఏడాదికి 9,535 పౌండ్లు, అది స్టూడెంట్ లోను మీద నడుస్తుంది. డబ్బు సాయం చేసే ఉద్దేశం ఉంటే చదువుకి కాకుండా, చదువయ్యాక మొదటి మూడేళ్ళ అద్దెకి దాచండి.

ఇంకొకటి, ఆ అమ్మాయి నన్ను అడిగింది. వాళ్ళ నాన్న మిఠాయి తేవడానికి వెళ్ళినప్పుడు దగ్గరికి వచ్చి, "అంకుల్, ఆడిషన్ కి యాస మార్చమంటే మార్చాలా?" అంది. ఏ యాస అని అడిగాను. "ఇండియన్ యాస. నాకు రాదు. అమ్మని చూసి నేర్చుకోమంటున్నారు" అంది. నాకు నవ్వొచ్చింది, వాళ్ళమ్మకి రాలేదు. ఆవిడ పక్కనే నిలబడి అంతా విన్నది. "నేర్చుకోవే, కానీ నాలాగా మాట్లాడే పాత్రకి రెండు కన్నా ఎక్కువ డైలాగులు ఉన్నాయో లేదో ముందు చూసుకో" అంది.